గాజు ఇటుకల గోడ: 0.2 మిల్లీమీటర్ల జిగురు మీద 66 ముక్కలు (ప్రాజెక్టు డైరీ)

తయారైంది ఇదీ: మీటరు పొడవు, 58 సెంటీమీటర్ల ఎత్తు, 10 సెంటీమీటర్ల మందం ఉన్న గోడ. లోపల ఇనుము లేదు, సిమెంటు లేదు. నిండు గాజు ఇటుకలు, వాటి మధ్య యూవీ (అతినీలలోహిత) కాంతికి గట్టిపడే జిగురు, అంతే. మొత్తం 162 గంటలు పట్టింది. అందులో ఇటుకలు పేర్చి అంటించడానికి పట్టింది 42 గంటలే. మిగతా 120 గంటలు ఎటు పోయాయో రాయడానికే ఈ డైరీ. ఇలాంటిది చేయాలనుకునేవాళ్లు ఆ 120 గంటల్లో కొన్నైనా మిగుల్చుకోవాలని నా కోరిక.

నాకు నమూనా ఆమ్‌స్టర్‌డామ్‌లో 2016లో పూర్తయిన క్రిస్టల్ హౌసెస్ అనే దుకాణం. ఎంవీఆర్‌డీవీ అనే డచ్ ఆర్కిటెక్చర్ సంస్థ డిజైన్ చేసింది, డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు పరిశోధన చేసి కట్టే పద్ధతి తేల్చారు. పాత ఇటుక ఇంటి ముఖభాగాన్ని 10 మీటర్ల వెడల్పున, 12 మీటర్ల ఎత్తున గాజు ఇటుకలతో తిరిగి కట్టారు. పైకి పోయేకొద్దీ గాజు ఇటుకలు కొద్దికొద్దిగా మట్టి ఇటుకలుగా మారిపోతాయి.

దుకాణాల్లో గాజు కట్టడాలు వేరేవీ ఉన్నాయి. టోక్యో గింజాలో ఆర్కిటెక్టు రెంజో పియానో కట్టిన హెర్మెస్ భవనం (2001)లో 45 సెంటీమీటర్ల గాజు దిమ్మెలు 13 వేలు ఉన్నాయి, కానీ వాటి బరువు మోసేది వెనకున్న స్టీలు. న్యూయార్క్ ఫిఫ్త్ ఎవెన్యూలో ఆపిల్ దుకాణం మీదున్న 32 అడుగుల గాజు ఘనాన్ని 2006లో 90 పలకలతో కట్టారు, 2011లో 15 పలకలతో మళ్లీ కట్టారు. అక్కడ ఇంజనీర్ల ప్రయత్నమంతా అతుకులు తగ్గించడం మీదే. ఇటుకల గోడలో అతుకులు తగ్గవు. వరసకొకటి తప్పదు. అందుకే అతుకునే కంటికి కనబడనంత పలచగా చేయాలి. ఎంత పలచగా అన్న ప్రశ్న చుట్టూనే నా పనంతా తిరిగింది.

ముందు లెక్క

ఇటుక కొలత 200 × 100 × 50 మి.మీ. గాజు సాంద్రత ఘనపు మీటరుకు 2,500 కేజీలు, కాబట్టి ఇటుక 2.5 కేజీలు. 12 వరసలకు 60 ఇటుకలు, అంటే 150 కేజీల లోపు. అట్టడుగు వరస మీద పడే ఒత్తిడి 0.015 మెగాపాస్కల్ కూడా ఉండదు (చదరపు మిల్లీమీటరుకు ఒక న్యూటన్ అంటే ఒక మెగాపాస్కల్). నొక్కుడుకి గాజు దీనికి వేల రెట్లు ఆగుతుంది. బరువు వల్ల గోడ పడిపోతుందన్న భయం ఆ లెక్కతోనే పోయింది.

గాజు విరిగేది లాగుడుకి. కింది ఇటుక మీద ఒక్క చోట చిన్న బొడిపె ఉంటే పై ఇటుక దాని మీదే కూర్చుంటుంది, మిగతాదంతా గాలిలో ఉంటుంది. అప్పుడు ఇటుక అడుగు భాగం సాగి, అక్కడున్న గీత పగులుగా మారుతుంది. సిమెంటు గోడలో 10 మి.మీ. మాలు ఇలాంటి ఎగుడుదిగుళ్లను మింగేస్తుంది. ఇక్కడ మింగడానికి ఉన్నది 0.2 మి.మీ. మాత్రమే.

దశ 1: కొలత, ఏరివేత

పోత పోసిన నిండు గాజు ఇటుకలు 70 తీసుకున్నాను. వాడిన పనిముట్లు: గ్రానైట్ సర్ఫేస్ ప్లేటు (కొలతలకు ఆధారమైన చదును రాయి), ఎత్తు తేడాను 0.01 మి.మీ. దాకా చూపే డయల్ గేజ్, ఫీలర్ గేజ్ సెట్టు (సందు కొలిచే పలచటి పట్టీలు), రెండు పోలరైజింగ్ ఫిల్ములు, వెనక నుంచి వెలుగు పడే తెల్ల లైటు పెట్టె.

ప్రతి ఇటుకకు నాలుగు మూలల్లో, మధ్యలో ఎత్తు కొలిచాను. మొత్తం 350 రీడింగులు. అతి తక్కువ 49.31 మి.మీ., అతి ఎక్కువ 50.62. ఒకే ఇటుకలో మూలకీ మధ్యకీ తేడా 0.8 వరకు ఉంది. పోత చల్లారేటప్పుడు పైముఖం మధ్యలో కుంగుతుంది, కారణం అదే.

తర్వాత ఫిల్ముల పరీక్ష. రెండు ఫిల్ములను అడ్డంగా నిలువుగా తిప్పితే వెలుగు ఆగి నల్లగా కనబడుతుంది. మధ్యలో ఇటుక పెట్టినప్పుడు కూడా నల్లగానే ఉంటే మంచిది. మూలల్లో తెల్లటి వెలుగు గానీ రంగులు గానీ కనబడితే, ఆ ఇటుకను కొలిమిలో తగినంత నెమ్మదిగా చల్లార్చలేదని అర్థం. పైపొర ముందు గట్టిపడి, లోపలి గాజు ఆ తర్వాత కుంచించుకుంటే ఆ లాగుడు గాజులోనే ఉండిపోతుంది. నాలుగు ఇటుకలు గట్టిగా వెలిగాయి. వాటిలో ఒకదాన్ని అనుమానం తీర్చుకోవడానికి డైమండ్ బ్లేడుతో కోశాను. బ్లేడు మూడోవంతు కూడా దిగకముందే ఇటుక దానంతటదే రెండుగా విడిపోయింది. మిగతా మూడింటినీ పక్కన పెట్టేశాను. ఈ పరీక్షకు ఇటుకకు రెండు నిమిషాలు చాలు. దీన్ని ఎవరూ వదిలేయకండి.

ఇప్పటిదాకా: మంచి ఇటుకలు 66. గంటలు 11.

దశ 2: మట్టం చేయడం (26 గంటలు వృథా)

చేత్తో అరగదీయొచ్చనుకున్నాను. 12 మి.మీ. అద్దం పలక మీద సిలికాన్ కార్బైడ్ పొడి, నీళ్లు వేసి, ఇటుకను ఎనిమిది ఆకారంలో తిప్పుతూ రుద్దాను. 120 నంబరు పొడితో మొదలు, తర్వాత 220, 400, 600 (నంబరు పెరిగేకొద్దీ పొడి సన్నం). ఆరు ఇటుకలు చేశాక డయల్ గేజ్ కింద పెడితే ఆరింటికీ ఒకే జబ్బు: మధ్య ఎత్తు, అంచులు పల్లం. తేడా 0.12 నుంచి 0.20 వరకు.

కారణాలు రెండు. తోసేటప్పుడు చెయ్యి తెలియకుండానే ముందు అంచును నొక్కుతుంది, వెనక్కి లాగేటప్పుడు వెనక అంచును నొక్కుతుంది. ఇటుక ఊగుతూ అరుగుతుంది. రెండోది, కింది పలక కూడా అరిగిపోతుంది. నా పలక మధ్యలో 0.15 పల్లం పడింది. ఆ పల్లం ఆకారాన్నే ఇటుక తెచ్చుకుంటోంది. 19వ శతాబ్దంలో జోసెఫ్ విట్‌వర్త్ ప్రచారంలోకి తెచ్చిన మూడు పలకల పద్ధతి దీనికి మందు: మూడు పలకలను జతలు మారుస్తూ ఒకదానితో ఒకటి రుద్దితే మూడూ చదును కావాల్సిందే, వేరే ఆకారం కుదరదు. పలక బాగుచేశాను. కానీ ఇంకా 60 ఇటుకలు, ఒక్కోదానికి రెండు ముఖాలు. అలా పోతే నెలలు పడుతుందని లెక్క తేలింది.

మార్చింది: గ్రానైట్ పలకల మందం సరిచేసే గ్రైండింగ్ యంత్రం మీద 66 ఇటుకలనూ రెండు ముఖాలా పట్టించాను. నీళ్లు ఆగకుండా పోయాలన్నది ఒక్కటే షరతు. ఎత్తు లక్ష్యం 48.40. రెండు ఇటుకలకు మూలల్లో పెద్ద పెచ్చులు ఊడాయి. మిగతా 64 మళ్లీ కొలిచాను: 48.31 నుంచి 48.49. ఒకే ఇటుకలో తేడా 0.06 దాటలేదు. క్రిస్టల్ హౌసెస్‌లో ఇటుకలకు పెట్టుకున్న హద్దు 0.25 మి.మీ. మాత్రమేనని ముందే తెలుసు, కానీ ఆ సంఖ్య బరువు ఈ దశలోనే తెలిసొచ్చింది.

యంత్రం గీతలు పోవడానికి 600 పొడితో ముఖానికి ఆరు నిమిషాలు చేత్తో రుద్దాను. అంతకు మించి రుద్దితే మళ్లీ ఊగుడు మొదలవుతుంది.

నేను పొరబడిన మరో చోటు: జిగురు పట్టే ముఖాలను కూడా అద్దంలా మెరిపించాలనుకుని సీరియం ఆక్సైడు అనే పాలిష్ పొడి తెచ్చుకున్నాను. అవసరం పడలేదు. గాజు వక్రీభవన గుణకం (వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.52, జిగురుది దాదాపు 1.5. గరుకు ముఖం మీద జిగురు పారగానే మసక మాయమై నీళ్లలా స్పష్టంగా కనబడుతుంది. 220 దగ్గర ఆపిన నమూనాలో మాత్రం గుంటల్లో గాలి చిక్కుకుని పొగలా మిగిలింది. 600 సరిపోయింది.

ఇప్పటిదాకా: మంచి ఇటుకలు 64. గంటలు 60 (యంత్రం పని కలపలేదు).

దశ 3: సగాలు కోయడం, అంచులు చంపడం

ఒక వరసలో ఐదు ఇటుకలు. పై వరసలో నాలుగు ఇటుకలు, రెండు చివర్లా సగాలు. ఆరు వరసలకు 12 సగాలు కావాలి, అంటే ఆరు ఇటుకలు కోయాలి.

బ్లేడు మందం 2.2 మి.మీ. అది లెక్కలో పెట్టుకోలేదు. 200 మి.మీ. ఇటుకను నడిమికి కోస్తే రెండు 98.9లు వచ్చాయి, నాకు కావాల్సింది 99.5. నిలువు సందు 1 మి.మీ. చొప్పున నిండు వరస పొడవు 1,004 అయితే, సగాల వరస 1,002.8 మాత్రమే వస్తుంది. రెండు చివర్లా గోడ అంచు మెట్లుమెట్లుగా కనబడుతుంది. మళ్లీ కోయడానికి ఇటుకలు లేవు. సగాలున్న వరసల్లో సందును 1.25 చేశాను: ఐదు సందులకు 6.25, మొత్తం 1,004.05. ఫీలర్ గేజ్ పట్టీలనే సందు కొలతకు వాడాను. ఇటుకల మధ్య పావు మిల్లీమీటరు తేడా కంటికి ఆనదు.

కోతలో ఒక ఇటుక చెడింది. చివర్లో బ్లేడు బయటికి వచ్చేచోట పెచ్చు లేచింది. ఆ తర్వాత నుంచి ఇటుక కింద పనికిరాని గాజు ముక్కను మైనంతో అంటించి రెండింటినీ కలిపి కోశాను. పెచ్చు కింది ముక్కకు పోయింది.

అంచులన్నీ డైమండ్ ప్యాడుతో 1 మి.మీ. వాలుగా చంపాను. ముక్కకు ఐదు నిమిషాలు. ఇది అందం కోసం కాదు. పదును అంచు తగిలితే నలిగి నలుసులు రాలుతాయి, ఆ నలుసు అతుకులో పడితే ముందు చెప్పిన బొడిపె అదే.

ఇప్పటిదాకా: నిండు ఇటుకలు 57 (కావాల్సింది 54), సగాలు 12. గంటలు 75.

దశ 4: జిగురు పరీక్షలు

365 నానోమీటర్ల యూవీ దీపానికి గట్టిపడే పారదర్శక అక్రిలేట్ జిగురు. 25 × 25 మి.మీ. అతుకుతో గాజు పట్టీలు అంటించి, పదింతలు లాగే మీట కట్టి, రెండో చివర బకెట్‌లో నీళ్లు పోస్తూ పోయాను. మీట సొంత బరువుకు వెనక వైపు తూకం కట్టాను. అతుకు మందం వారీగా, తెగేసరికి బకెట్‌లో ఉన్న నీళ్లు:

- 0.1 మి.మీ.: 36 కేజీలు
- 0.2 మి.మీ.: 41 కేజీలు (జిగురు వదల్లేదు, గాజే విరిగింది)
- 0.3 మి.మీ.: 38 కేజీలు
- 0.6 మి.మీ.: 17 కేజీలు

41 కేజీలంటే చదరపు మిల్లీమీటరుకు 6.4 న్యూటన్లు. 0.6 నమూనా విప్పి చూస్తే నిండా బుడగలు, మధ్యలో పూర్తిగా గట్టిపడని మెత్తదనం. మందానికో నాలుగే నమూనాలు చేశాను, కాబట్టి ఈ అంకెలు నా దీపానికీ నా జిగురుకీ మాత్రమే వర్తిస్తాయి. అయినా 0.3 దాటకూడదన్న గీత స్పష్టంగా కనబడింది.

ఇదే దశలో మూడు తప్పులు జరిగాయి.

ఒకటి, దీపం ఒకవైపు నుంచే వేయడం. ఇటుక 100 మి.మీ. వెడల్పు. ముందు నుంచి 60 సెకన్లు వేసి వారం తర్వాత విడగొడితే వెనక భాగం జిగటగా ఉంది. ముందు 60, వెనక 60, పైనుంచి 30 సెకన్లు వేశాక సరిపోయింది.

రెండు, జిగురు సమాంతర గీతలుగా వేయడం. గీతల మధ్య గాలి చిక్కుకుంది. ఇంటూ గుర్తులా మధ్యలో కలిసేలా వేస్తే జిగురు నడిమి నుంచి బయటికి పారుతూ గాలిని తోసేస్తుంది.

మూడు, కిటికీ. ఎండ నేరుగా పడలేదు, పగటి వెలుగే. ఇటుక దించేలోపే జిగురు మీద తోలు కట్టింది, సీసా ముక్కు మూసుకుపోయింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో నిర్మాణ స్థలమంతా యూవీని ఆపే డేరా ఎందుకు వేశారో అప్పుడు అర్థమైంది. కిటికీలకు నల్లగుడ్డ కట్టి, పసుపు బల్బు కింద పనిచేశాను.

జాగ్రత్త: ఈ జిగుళ్లు చర్మానికి పడవు, ఒకసారి ఎలర్జీ పట్టుకుంటే వదలదు. నైట్రైల్ గ్లవ్స్, యూవీ కళ్లద్దాలు లేకుండా సీసా మూత తీయకండి.

ఇప్పటిదాకా: జిగురు 46 మి.లీ. గంటలు 89.

దశ 5: పునాది

ముందు అనుకున్నది 12 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీలు పలక. లెక్క వేశాక మానేశాను. 30 డిగ్రీల వేడి మారితే మీటరు గాజు 0.27 మి.మీ. సాగుతుంది, అదే పొడవు స్టెయిన్‌లెస్ 0.48 సాగుతుంది. తేడా 0.21, అంటే నా అతుకు మందమంత జారుడు. గ్రానైట్ సాగుడు గాజుకు దగ్గరగా ఉంటుంది. 1,100 × 150 × 50 మి.మీ. గ్రానైట్ పలక వేశాను, నాలుగు బోల్టులతో దిమ్మెకు బిగించాను.

నిలువు సందుల్లో జిగురు వేయకపోవడానికి కారణం కూడా ఈ సాగుడే. క్రిస్టల్ హౌసెస్‌లోనూ అడ్డ అతుకులకే జిగురు, నిలువు సందులు ఖాళీ. మాడ్రిడ్ అటోచా స్టేషన్ దగ్గర 2007లో కట్టిన 11 మీటర్ల స్మారక గోపురం కూడా యూవీ జిగురు మీద నిలబెట్టిన గాజు దిమ్మెలే, కానీ అక్కడ వాడింది సాగుడు బాగా తక్కువైన బోరోసిలికేట్ గాజు. మామూలు సోడా లైమ్ గాజుతో పని అన్నప్పుడు ఇటుకకు ఊపిరాడే చోటు వదలడమే మంచిదని నా అభిప్రాయం.

మట్టం చూడటానికి రసమట్టం చాలలేదు, మీటరులో 0.3 తేడాను నా రసమట్టం పట్టలేదు. ఆమ్‌స్టర్‌డామ్ బృందం మొదటి వరస మట్టానికి పాలు వాడింది. నీళ్ల ఉపరితలం ఎక్కడుందో కంటికి దొరకదు, తెల్లటి పాలది దొరుకుతుంది. నేను చేసిన తీరు:

1. పలక చుట్టూ మైనంతో గట్టు కట్టాను.
2. 3 మి.మీ. లోతు పాలు పోసి, కదలిక ఆగేదాకా పది నిమిషాలు వదిలేశాను.
3. స్టాండుకు బిగించిన డెప్త్ గేజ్ సూదిని దించుతూ, సూదీ దాని ప్రతిబింబం కలిసే క్షణంలో రీడింగు రాసుకున్నాను. తర్వాత సూదిని రాయి దాకా దించి రెండో రీడింగు. రెండింటి తేడాయే లోతు.
4. 12 చోట్ల కొలిచాను: 2.94 నుంచి 3.31.

అంటే ఒక మూల 0.37 కిందికి ఉంది. పలక కింద రేకు ముక్కలు పెట్టి మూడుసార్లు తిరగేశాక తేడా 0.08కి వచ్చింది. పాలు పోసిన రాయిని వెంటనే వేడినీళ్లు, సబ్బు, ఆపైన స్పిరిట్‌తో కడగాలి. కొవ్వు పొర మిగిలితే జిగురు పట్టదు.

ఇప్పటిదాకా: గంటలు 97.

దశ 6: నాలుగు వరసలు కట్టి, రెండు పడగొట్టడం

నాలుగు వరసలు రెండు రోజుల్లో లేచాయి. 22 ముక్కలు, 108 మి.లీ. జిగురు. రెండో రోజు సాయంత్రం పైముఖం కొలిస్తే ఎడమ చివర 0.7 మి.మీ. ఎత్తు. మూడో సందు దగ్గర పక్కపక్క ఇటుకల మధ్య 0.34 మెట్టు. ఐదో వరస ఇటుకను పొడిగా పెట్టి చూస్తే కటకటమని ఊగింది.

తప్పు పూర్తిగా నాదే. ఇటుకలను ఎత్తు ప్రకారం పెద్ద నుంచి చిన్నకు ఏరి పెట్టుకున్నాను, ప్రతి వరసనూ ఎడమ నుంచి మొదలుపెట్టాను. పెద్దవన్నీ ఎడమకే చేరాయి. ఇటుకల మధ్య తేడా 0.18, నాలుగు వరసలకు 0.72. లెక్క వేసినా అంతే వస్తుంది. దీనికి తోడు జిగురు మందాన్ని చేతి ఒత్తిడికి వదిలేశాను. అంచుల్లో ఫీలర్ గేజ్‌తో చూస్తే 0.12 నుంచి 0.41 వరకు ఉంది. ఈ తేడాను పై వరసలో జిగురుతో నింపేయాలనిపించింది, బకెట్‌లో 17 కేజీలకే తెగిన 0.6 నమూనా గుర్తొచ్చి ఆగిపోయాను.

మూడు, నాలుగు వరసలు తీసేయాలి. హీట్ గన్‌తో అతుకు దగ్గర వేడి పెట్టాను. నలభై సెకన్లలో ఇటుక టప్‌మని పగిలింది. 50 మి.మీ. మందమున్న గాజులో ఒక పక్క వేడెక్కి సాగితే, చల్లగా ఉన్న పక్క లాగుడు భరించలేదు. ఇది తెలిసే చేశాను, కొంచెం వేడికి ఏమవుతుందిలే అని. అలా అనుకోవద్దు.

తర్వాత చేసింది: గోడ చుట్టూ ఇన్సులేషన్ బోర్డుతో పెట్టె, లోపల చిన్న హీటరు, గాలి తిప్పడానికి ఫ్యాను, రెండు థర్మామీటర్లు. గంటకు 15 డిగ్రీల చొప్పున 95 దాకా తీసుకెళ్లి, రెండు గంటలు ఉంచి, మెత్తబడిన అతుకులోకి పలచటి బ్లేడు దింపి విడదీశాను. 11 ముక్కల్లో రెండు నిండు ఇటుకలు పోయాయి: ఒకటి హీట్ గన్‌కి, రెండోది తొందరపడి బ్లేడు తిప్పినందుకు. మిగతా తొమ్మిదీ గీకి, కడిగి మళ్లీ వాడాను.

ఇప్పటిదాకా: నిండు ఇటుకలు 55 (కావాల్సింది 54). గోడ మీద 11 ముక్కలు. జిగురు 154 మి.లీ. గంటలు 125.

ఒక్క ఇటుకే అదనం. ఇక్కడి నుంచి ప్రతి ఇటుక ఎత్తినప్పుడూ టెన్షనే.

దశ 7: 3 నుంచి 12 వరసలు, కొత్త పద్ధతి

మార్పులు రెండు. అతుకు మందం చేతికి వదలకుండా 0.20 మి.మీ. నైలాన్ చేపల గాలం దారాన్ని 10 మి.మీ. ముక్కలుగా కోసి, ప్రతి ఇటుక కింద మూడు చోట్ల పెట్టాను. నాలుగు పెడితే పీట ఊగినట్టు ఊగుతుంది, మూడు పెడితే ఊగదు. నైలాన్ వక్రీభవన గుణకం కూడా గాజుకు దగ్గరే, జిగురులో మునిగాక వెతికితే తప్ప కనబడదు. రెండో మార్పు, ఏ ఇటుక ఎక్కడ అన్నది ముందే కాగితం మీద రాసుకోవడం. ప్రతి వరస పైముఖాన్ని 20 చోట్ల కొలిచి, ఎత్తున్న చోట పొట్టి ఇటుక, పల్లమున్న చోట పొడుగు ఇటుక.

వరసకు క్రమం:

1. కింది వరస పైముఖం 20 రీడింగులు. పక్క ఇటుకల మధ్య మెట్టు 0.10 దాటితే ముందుకు పోకూడదు.
2. ఇటుకల జాబితా రాసుకుని, జిగురు లేకుండా పేర్చి చూడటం.
3. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు ముఖాలూ తుడిచి, ఐదు నిమిషాలు ఆరనివ్వడం.
4. గాలం దారం ముక్కలు మూడు, జిగురు ఇంటూ గుర్తులా. నిండు ఇటుకకు 4 మి.లీ. కంటే కాస్త ఎక్కువ.
5. ఒక అంచు ముందు ఆన్చి నెమ్మదిగా దించడం. ముందూ పక్కా చెక్క ఆపులు ఉండాలి, లేకపోతే ఇటుక జిగురు మీద ఐసు మీద జారినట్టు జారుతుంది.
6. రెండు మూలల్లో 5 సెకన్ల దీపం. డయల్ గేజ్‌తో ఎత్తు చూడటం. తేడా ఉంటే ఇప్పుడే తీయాలి, ఇంకా వస్తుంది.
7. ముందు 60, వెనక 60, పైన 30 సెకన్లు.
8. అంచుల్లో కారిన జిగురు గట్టిపడ్డాక బ్లేడుతో గీకడం.

ఈ క్రమంలో ఆరో పని నన్ను రెండుసార్లు కాపాడింది. ఐదో వరసలో ఒక ఇటుక ఒక మూల 0.31 పైకి చూపించింది. తీసి చూస్తే ఇసుక రేణువంత గాజు నలుసు. అది అలాగే గట్టిపడి ఉంటే మీద ఏడు వరసల బరువు పడేది. తొమ్మిదో వరసలో దారం ముక్క ఒకటి మడతపడింది.

ఏడో వరసలో జరిగిన తప్పు మాత్రం అప్పుడు తెలియలేదు. ఆ రోజు గదిలో తేమ 84 శాతం. ఇటుకలు చల్లటి నేల మీద ఉన్నాయి. తుడిచి ఆరబెట్టాననే అనుకున్నాను. చల్లటి గాజు మీద కంటికి కనబడని చెమ్మ మళ్లీ పట్టి ఉండాలి. మూడు రోజుల తర్వాత కుడి నుంచి రెండో ఇటుక మూలలో ఆకులాంటి తెల్లటి మచ్చ కనబడింది, 14 మి.మీ. పొడవు. అక్కడ జిగురు గాజును వదిలేసింది. ఎనిమిదో వరస నుంచి ఇటుకలను ముందురోజు రాత్రే గదిలో బల్ల మీద ఉంచాను, తేమ 60 దాటితే పని ఆపేశాను.

వరసకు మూడు గంటలు పట్టింది, అందులో దీపం వెలిగేది పావుగంట అటూఇటూ మాత్రమే. 12వ వరస మీద చివరి కొలతలు: గోడ ఎత్తు 583.1 నుంచి 583.3. లెక్క ప్రకారం 12 ఇటుకలు, 12 అతుకులకు 583.2 రావాలి.

ఇప్పటిదాకా: గోడ మీద 54 నిండు ఇటుకలు, 12 సగాలు. అదనం 1. జిగురు 394 మి.లీ. గంటలు 155.

దశ 8: తోసి చూడటం

క్రిస్టల్ హౌసెస్‌కు ముందు కిటికీ పైదూలం నమూనాను పరీక్షిస్తే అది 42,000 న్యూటన్ల దాకా తట్టుకుంది. నా దగ్గర అలాంటి యంత్రం లేదు. గోడ పైఅంచుకు చెక్క పట్టీ ఆన్చి, కప్పీ మీదుగా తాడు కట్టి, ఇసుక సంచులు వేలాడదీశాను. పదేసి కేజీల చొప్పున 50 దాకా పెంచాను, అంటే దాదాపు 490 న్యూటన్ల అడ్డ తోపు. మొదటి అతుకులో లెక్కకు వచ్చే లాగుడు 0.17 మెగాపాస్కల్, 0.2 మి.మీ. నమూనా తెగిన ఒత్తిడిలో దాదాపు నలభయ్యో వంతు. నమూనాలను పక్కకు లాగాను, ఇక్కడ అతుకు విడిపోయే దిశలో లాగుడు పడుతుంది, కాబట్టి ఈ పోలికను అంచనాగానే తీసుకోవాలి.

పైఅంచు కదలిక 0.06 మి.మీ. పునాది మీద పెట్టిన రెండో గేజ్‌ను బట్టి అందులో 0.04 గ్రానైట్ పలక వంగడం వల్ల వచ్చిందే. బరువు తీయగానే రెండు గేజులూ సున్నాకి వచ్చాయి. 24 గంటలు అదే బరువు వేలాడదీసినా అదనంగా కదల్లేదు.

నిలువు సందుల్లో దుమ్ము చేరకుండా రెండు ముఖాలా సన్నగా పారదర్శక సిలికాన్ పట్టించాను. వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, న్యూట్రల్ రకమే వాడండి. ఆ ఆమ్లం పక్కనున్న అతుకులను పాడుచేస్తుందన్న అనుమానం ఉన్నప్పుడు దాన్ని ముట్టుకోకపోవడమే నయం.

మొత్తం: గంటలు 162. జిగురు 394 మి.లీ. 70 ఇటుకల్లో గోడలోకి చేరినవి 60.

ఆ తర్వాత నాలుగు వారాలు

ఏడో వరస మచ్చ అంచుల్లో గాజు మీద సన్నటి పెన్నుతో గీత గీసి, వారానికోసారి కొలుస్తున్నాను. మొదటి వారం 14 మి.మీ. రెండో వారం 14. మూడో వారం 15. నాలుగో వారం 15. ఇరవై దాటితే దశ 6లోని వేడి పెట్టె మళ్లీ కట్టి, ఐదు వరసలు దించి, మిగిలిన ఆ ఒక్క ఇటుక పెట్టాలి. పెట్టె బోర్డులు పారేయలేదు.